నాన్సీ దగ్గర సంతలో కొన్న పాత పూల జగ్గు: ఏ కాలం నాటిది? మరక తీయవచ్చా?

నాన్సీ_వసంత | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఫ్రాన్స్‌లో నాన్సీ దగ్గర ఉంటాను. ఈ రోజు పక్క ఊళ్ళో వీద్-గ్రెనియే పెట్టారు. అంటే అటకలు ఖాళీ చేసుకునే సంత. ఊరి వీధిలో జనం తమ ఇంట్లో పాత సామాను బల్లల మీద పరిచి అమ్ముతారు. అక్కడ ఒక పెద్దావిడ దగ్గర పెద్ద పింగాణీ జగ్గు చూశాను. 15 యూరోలు చెప్పింది, 12కి ఇచ్చింది.

ఎత్తు 31 సెంటీమీటర్లు. ఖాళీగానే రెండు కిలోల పైన తూగింది. తెల్లటి ఒంటి మీద గులాబీల గుత్తి, పక్కన చిన్న నీలం పూలు, సన్నని ఆకులు. మూతి బాగా వెడల్పు. అడుగున కె, జి అనే రెండు అక్షరాలు, వాటి కింద లూనెవిల్ అని, ఇంకా కింద ఫ్రాన్స్ అని ముద్ర ఉంది.

లోపాలు కూడా చెప్తాను. అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తు వరకు టీ రంగు మరక. పిడి పైన అతికిన చోట వెంట్రుకంత పగులు. పెదవి దగ్గర గోరంత ముక్క ఊడింది.

నా ప్రశ్నలు మూడు. ఇది ఎప్పటిది? మరక పోతుందా? చుట్టాలు వచ్చినప్పుడు ఇందులో మజ్జిగ పోసి పెట్టవచ్చా? చూసినప్పటి నుంచి నా మనసులో ఉన్నది ఆ మూడోదే.

గోదావరి_గట్టు | ఆదివారం, రాత్రి 9:40

వసంత గారూ, ఫోటోలు చూసి లేచి కూర్చున్నాను. నేను స్ట్రాస్‌బూర్గ్‌లో చదువుకునే రోజుల్లో అక్కడి మ్యూజియంలో అచ్చం ఇలాంటి గులాబీలు చూశాను. 18వ శతాబ్దంలో అక్కడ పింగాణీ కార్ఖానా నడిపిన హన్నోంగ్ కుటుంబం వాళ్ళ పని అని రాసి ఉంది. ఇదీ అదే అయితే 12 యూరోల వస్తువు కాదు. దయచేసి ఎవరికీ ఇవ్వకండి, కడగకండి, ముందు ఎవరికైనా చూపించండి.

సారె_మట్టి | ఆదివారం, రాత్రి 10:25

తొందరపడవద్దు. పూలను చూసి కాలం చెప్పలేం. పూలను ఎవరైనా, ఎప్పుడైనా మళ్ళీ వేయగలరు. మట్టిని చూసి చెప్పాలి. నేను పదేళ్ళుగా సారె మీద పని చేస్తున్నాను, బట్టీ కాలుస్తున్నాను, అందుకని నా చూపు ముందు మట్టి మీదికే పోతుంది.

వసంత గారూ, రేపు పగటి వెలుతురులో ఇవి చూసి చెప్పండి.

పెదవి దగ్గర ముక్క ఊడిన చోట లోపలి మట్టి ఏ రంగు? ఎర్రగా, లేత గోధుమ రంగులో ఉందా, తెల్లగా ఉందా?

భూతద్దం పెట్టి పూల అంచులు చూడండి. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా నడిచిందా, లేక అంతటా ఒకే లావులో ఉందా? రంగులో చిన్న చిన్న చుక్కలు కనిపిస్తున్నాయా?

కళ్ళు మూసుకుని గులాబీ మీద వేలు పెట్టి రాయండి. రంగు వేలికి తగులుతోందా?

లోపల ఫోన్ లైటు వేస్తే బయటికి వెలుగు తెలుస్తోందా?

నాన్సీ_వసంత | సోమవారం, సాయంత్రం 6:50

ఆఫీసు నుంచి రాగానే ఇదే పని.

లోపలి మట్టి తెల్లగా ఉంది, మరీ పాలలాగా కాదు, కొంచెం మీగడ రంగు. పూల చుట్టూ ఉన్న ముదురు గీత అంతటా ఒకే లావు. ఇంకొకటి, ముందువైపు గుత్తి, వెనకవైపు గుత్తి పక్కపక్కన ఫోటో తీసి చూశాను. ఆకు ఆకుకీ సరిపోయాయి, ఒక ఆకు చివర విరిగినట్టున్న వంకర కూడా రెండు వైపులా ఉంది. కానీ గులాబీ రంగు మాత్రం ఒకేలా లేదు. వెనకవైపు ఒక రేకు దగ్గర రంగు గీత దాటి బయటికి వచ్చింది.

వేలికి గులాబీ రంగు కొద్దిగా తగులుతోంది. పిడి కింద, చేయి ఆనే చోట అరిగిపోయి గీత ఒక్కటే మిగిలింది. లైటు వేస్తే ఏమీ కనిపించలేదు.

సారె_మట్టి | సోమవారం, రాత్రి 8:05

చాలా బాగా చూశారు. ఆ విరిగిన ఆకు, గీత దాటిన రంగు, ఈ రెండూ చాలు దీని పుట్టుక చెప్పడానికి.

వెలుగు రాలేదు కాబట్టి ఇది పోర్సిలేన్ కాదు. మనం తెలుగులో అన్నిటినీ పింగాణీ అనేస్తాం కానీ ఫ్రెంచి వాళ్ళకు ఇందులో రకాలున్నాయి. పాత ఫయాన్స్ అంటే ఎర్రటి లేదా గోధుమ రంగు మట్టి పాత్ర. దాని రంగు కనబడకుండా తగరం కలిపిన తెల్లటి పూత పూస్తారు. ఇటలీలోని ఫాయెంజా ఊరి పేరు మీద ఆ మాట వచ్చింది. ముక్క ఊడితే తెల్ల పూత కింద ఎర్ర మట్టి బయటపడుతుంది. 18వ శతాబ్దపు స్ట్రాస్‌బూర్గ్ పని అయితే అలా ఉండాలి.

మీ జగ్గు మట్టే తెల్లన. దీన్ని ఫయాన్స్ ఫీన్ అంటారు. తెల్లటి మట్టి, చెకుముకి రాయి పొడి లాంటివి కలిపి చేస్తారు. పైన పూత గాజులాగా పారదర్శకంగా ఉంటుంది. ఇంగ్లండులో వెడ్జ్‌వుడ్ లాంటి వాళ్ళు ఈ తరహా పాత్రలు చవకగా తయారుచేశారు. 1786లో ఫ్రాన్సు, ఇంగ్లండు వాణిజ్య ఒప్పందం చేసుకున్నాక ఆ సరుకు ఫ్రాన్సులోకి వరదలా వచ్చింది. తగరం పూత వేసే పాత బట్టీలు చాలా ఆ దెబ్బకు ఆరిపోయాయి. నిలబడ్డ వాళ్ళు తెల్ల మట్టి పనికి మళ్ళారు.

ఇప్పుడు పూలు. రాగి రేకు మీద బొమ్మ చెక్కి, రంగు పట్టించి, పల్చటి కాగితం మీదికి తీసి, ఆ కాగితాన్ని పాత్రకు అంటిస్తారు. అందుకే రెండు వైపులా ఆ విరిగిన ఆకు వచ్చింది. చెక్కినవాడి చేతి వంకర అది. తర్వాత ఆ గీతల లోపల కుంచెతో రంగు నింపారు. రంగు గీత దాటడం ఆ చేతి పని. ఈ పనిలో చాలామంది ఆడవాళ్ళు ఉండేవారు. వేలికి రంగు తగులుతోంది, అరిగింది అంటున్నారు కాబట్టి పూత కాల్చేశాక దాని పైన రంగు వేసి, తక్కువ వేడిలో మరోసారి కాల్చారు. పూత కింద వేసిన రంగు అయితే ఇలా అరగదు.

కాబట్టి ఇది సగం అచ్చు, సగం చేయి. నాకైతే ఇలాంటివే ఎక్కువ ఇష్టం.

గోదావరి_గట్టు | సోమవారం, రాత్రి 8:31

ఒప్పుకుంటున్నాను. మట్టి గురించి నేను ఆలోచించనే లేదు. మరి ఆ గులాబీలు అంత దగ్గరగా ఎలా ఉన్నాయి? నాకు గుర్తున్న ఆ వంకాయ కలిసిన గులాబీ రంగు ఇందులోనూ ఉంది.

పాత_పెట్టె | సోమవారం, రాత్రి 11:18

ఆలస్యంగా చూశాను. గోదావరి గట్టు గారూ, మీ కన్ను తప్పు చూడలేదు. మీ ముద్రలో ఉన్న లూనెవిల్ ఊరి కార్ఖానా వాళ్ళు 'వ్యూ స్ట్రాస్‌బూర్గ్', అంటే 'పాత స్ట్రాస్‌బూర్గ్' అనే పేరుతోనే ఆ పూలను మళ్ళీ వేసి అమ్మారు. మోసం కాదు, అది వాళ్ళ డిజైన్ పేరు. అసలు స్ట్రాస్‌బూర్గ్‌లో పోల్ హన్నోంగ్ 1750కి కొంచెం అటూ ఇటూగా, కాల్చిన పూత మీద రంగులు వేసి తక్కువ వేడిలో మళ్ళీ కాల్చే పద్ధతి తెచ్చాడు. అంతకుముందు పచ్చి పూత మీదే రంగు వేసి పెద్ద మంటలో కాల్చేవారు. ఆ మంటకు తట్టుకునేవి కోబాల్టు నీలం, మాంగనీసు ఊదా, రాగి ఆకుపచ్చ, యాంటిమొనీ పసుపు, ఇలా కొన్నే. గులాబీ రంగు నిలిచేది కాదు. బంగారం నుంచి తీసే ఆ ఎరుపు తక్కువ వేడిలోనే బతుకుతుంది. అందుకే హన్నోంగ్ తర్వాత తూర్పు ఫ్రాన్సు పాత్రల మీద గులాబీలు పూశాయి.

ఇక లూనెవిల్. వసంత గారికి నాన్సీ నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. 1730 ప్రాంతంలో జాక్ షాంబ్రెట్ అక్కడ కార్ఖానా పెట్టాడు. అప్పటికి నాన్సీ, లూనెవిల్ ఉన్న లొరేన్ ప్రాంతం ఇంకా ఫ్రాన్సులో కలవలేదు. పోలండు సింహాసనం పోగొట్టుకున్న స్తానిస్లాస్ రాజు 1737 నుంచి లొరేన్‌కు డ్యూక్, లూనెవిల్ కోటలో ఉండేవాడు. ఆయన అండ ఆ కార్ఖానాకు దొరికింది. 1766లో ఆయన పోయాకే లొరేన్ ఫ్రాన్సుది అయింది. 1786లో కార్ఖానా కెల్లర్ కుటుంబానికి వచ్చింది, 1832లో గెరాన్ తోడయ్యాడు. మీ ముద్రలో కె అంటే కెల్లర్, జి అంటే గెరాన్. అంటే ఈ జగ్గు 1832 కంటే పాతది అయ్యే వీలే లేదు.

కింద 'ఫ్రాన్స్' అని ఉందన్నారు, అది ఇంకా ముఖ్యం. అమెరికా 1890లో కొత్త సుంకాల చట్టం చేసి, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది. అది 1891లో అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి దేశం పేరు ముద్రల్లో మామూలు అయింది. 1920లలో కార్ఖానా ఫెనాల్ కుటుంబం చేతికి పోయింది. ఈ రెండూ పెట్టి చూస్తే 1890 నుంచి 1920 మధ్యది అంటాను. అంతకంటే దగ్గరగా చెప్పమంటే ముద్రను విడిగా పెద్దగా ఫోటో తీసి పెట్టండి. ముద్రలు ఏళ్ళ తరబడి మారకుండా వాడారు కాబట్టి ఒక్క ఏడాది చెప్పేవాళ్ళను మాత్రం నమ్మకండి.

ఒక మాట రాయాలనిపిస్తోంది. 2003 జనవరిలో లూనెవిల్ కోట కాలిపోయింది. లోపల మ్యూజియం వస్తువులు చాలా ఆ మంటల్లో పోయాయి. మంటలోంచి పుట్టిన పాత్రలు మళ్ళీ మంటలో పోవడం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. అందుకని ఇలా ఒక ఇంట్లో ఒక జగ్గు బతికి ఉందంటే, అది ఎంత మామూలుదైనా నాకు సంతోషమే.

కిటికీ_పక్కన | మంగళవారం, ఉదయం 7:02

ఇంతమంది రాశారు కానీ మజ్జిగ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. వసంతా, 31 సెంటీమీటర్ల ఎత్తు, అంత వెడల్పు మూతి, నీళ్ళు నింపితే ఐదు కిలోలు దాటుతుంది. భోజనాల బల్ల మీద ఎవరు ఎత్తి పోస్తారమ్మా? ఇది తాగేందుకు చేసింది కాదు. బ్రో ద త్వాలెత్ అంటారు, పడకగదిలో ముఖం కడుక్కునే నీళ్ళ జగ్గు. దీనికి జోడుగా ఇవే పూలతో పెద్ద తొట్టె ఉండాలి. సబ్బు పెట్టె, బ్రష్షుల పళ్ళెం, మంచం కింది పాత్ర, మురికి నీళ్ళ బకెట్టు కూడా ఒకే సెట్టులో వచ్చేవి. పాలరాయి పలక వేసిన బల్ల మీద తొట్టెలో ఈ జగ్గును నిలబెట్టేవారు. పొద్దున్నే వంటింట్లో నీళ్ళు వేడి చేసి, పైకి మోసుకెళ్ళి, తొట్టెలో పోసుకుని కడుక్కునేవారు.

నేను లియోన్ దగ్గర ఒక పల్లెలో ముసలివాళ్ళను చూసుకునే పని చేశాను. తొంభై దాటిన ఒక అవ్వ తన చిన్నప్పుడు చలికాలంలో తొట్టెలో నీళ్ళ మీద పల్చటి ఐసు కట్టేదని, దాన్ని వేళ్ళతో పగలగొట్టి ముఖం కడుక్కునేవాళ్ళమని చెప్పేది. 1954 జనాభా లెక్కల నాటికి కూడా ఫ్రాన్సులో సుమారు పదింట ఒక ఇంట్లోనే షవరో స్నానపు తొట్టో ఉండేది. కాబట్టి నీ జగ్గు అలంకారానికి పుట్టింది కాదు, రోజూ పని చేసింది. పిడి కింద రంగు అరిగిందన్నావు కదా, అది ఆ చేతులే.

నాన్సీ_వసంత | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అక్కా, ఇది చదివి ఆఫీసులో కాసేపు పని ఆపేశాను. అది ముఖం కడుక్కునే జగ్గు అని నాకు తట్టనే లేదు. సరే, మజ్జిగ ఆలోచన మానేశాను. కానీ కారణం బరువు ఒక్కటేనా, ఆరోగ్యానికి కూడా మంచిది కాదా?

సారె_మట్టి | మంగళవారం, రాత్రి 7:44

ఆరోగ్యానికీ మంచిది కాదు. ఆ కాలపు పూతల్లో సీసం ఉండడం మామూలు. అందులోనూ పూత పైన వేసిన రంగుల్లో. పుల్లటిది ఏది పోసినా సీసం దిగుతుంది. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు నీళ్ళు అసలు వద్దు. పూలు పెట్టుకోవాలన్నా లోపల ఒక గాజు సీసా పెట్టి అందులో నీళ్ళు పోయండి.

మన ఊరగాయ జాడీతో దీన్ని పోల్చుకోకండి. జాడీ మట్టిని ఎక్కువ వేడిలో కాలుస్తారు, మట్టే రాయిలా బిగుసుకుని నీళ్ళు పీల్చదు. ఫయాన్స్ మట్టి లోపల బొరియలు బొరియలుగానే ఉంటుంది. పైన పూత సన్నగా నెర్రెలిచ్చిందంటే, ఆ నెర్రెల్లోంచి నీళ్ళు, వాటితో మురికి లోపలికి దిగుతాయి. మీ టీ రంగు మరక అదే. అది పూత మీద లేదు, పూత కింద ఉంది. ఎంత తోమినా పోదు.

లిల్లీ_పూలు | మంగళవారం, రాత్రి 8:20

వసంత గారూ, బట్టలకు వాడే బ్లీచ్‌లో ఒక రాత్రి నానబెట్టండి. మా ఇంట్లో కప్పుల మరకలు అలాగే పోయాయి. తెల్లారేసరికి కొత్తదానిలా ఉంటుంది.

పాత_పెట్టె | మంగళవారం, రాత్రి 8:26

వద్దు! దయచేసి వద్దు. పదకొండేళ్ళ క్రితం నేను చేసిన తప్పు ఇదే. నా దగ్గర సార్గెమీన్ అనే ఫ్రెంచి ఊళ్ళో చేసిన ఫయాన్స్ సూప్ గిన్నె ఉండేది, మూత మీద నీలం పూలతో. మరక ఉందని బ్లీచ్‌లో రెండు రోజులు నానబెట్టాను. తీసిన రోజు మల్లెపువ్వులా ఉంది. మూడు నెలల తర్వాత నెర్రెల వెంబడి తెల్లటి పొడి పేరుకుంది. ఆ తర్వాత పూత పొరలు పొరలుగా లేచింది, పూలతో సహా. బ్లీచ్ మట్టిలోకి దిగి, ఆరాక ఉప్పు పలుకులై, లోపలి నుంచి పూతను తోసేస్తుంది. దాన్ని ఆపే దారి లేదు. ఆ గిన్నె ఇప్పటికీ ఉంచుకున్నాను, అవతల పారేయడానికి చేతులు రావు.

లిల్లీ గారూ, మీ మీద కోపం కాదు. మీ కప్పులు పోర్సిలేన్ అయి ఉంటాయి, వాటి మట్టి నీళ్ళు పీల్చదు కాబట్టి పని జరిగింది.

లిల్లీ_పూలు | మంగళవారం, రాత్రి 8:41

తెలియక చెప్పాను, క్షమించండి. వసంత గారు ఇంకా చేయలేదు కదా?

నాన్సీ_వసంత | మంగళవారం, రాత్రి 8:44

చేయలేదండీ. బ్లీచ్ సీసా బయటికి తీశాను, మళ్ళీ లోపల పెట్టేశాను. ఐదు నిమిషాలు చాలా టెన్షన్ పడ్డాను.

సారె_మట్టి | మంగళవారం, రాత్రి 9:30

ఏం చేయవచ్చో చెప్తాను. డిస్టిల్డ్ వాటర్ కొనండి. జగ్గు అడుగు భాగాన్ని మాత్రం, మరక మునిగేంతవరకు, గది వేడిలో ఉన్న ఆ నీళ్ళలో ఉంచండి. రోజూ నీళ్ళు మార్చండి. నీళ్ళకు రంగు వస్తుంటే మురికి దిగుతున్నట్టు. రంగు రావడం ఆగాక తీసి, గాలి ఆడే చోట రెండు మూడు వారాలు ఆరనివ్వండి. ఎండలో, హీటర్ మీద పెట్టవద్దు. మరక మొత్తం పోకపోవచ్చు, పల్చబడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దూది తడిపి మరక మీద పెట్టే పద్ధతి కూడా ఉంది. కానీ పూత పైన వేసిన రంగులున్న చోట నేనైతే ఇంట్లో ఆ పని చేయను. డిష్‌వాషర్ గురించి చెప్పనవసరం లేదనుకుంటాను.

పిడి పగులుకు ఫెవిక్విక్ లాంటిది పెట్టవద్దు. అది పసుపుబారుతుంది, మళ్ళీ ఊడదీయాలంటే అంచులు విరుగుతాయి. బాగుచేసేవాళ్ళు పారలాయిడ్ లాంటి జిగుర్లు వాడతారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కరిగించి తీసేయవచ్చు. అంతకంటే ముందు, పిడి పట్టుకుని ఎప్పుడూ ఎత్తవద్దు. ఒక చేయి అడుగున, ఒక చేయి ఒంటి మీద.

యానాం_పిల్ల | బుధవారం, ఉదయం 10:05

తొట్టె మాట చదివి ఆగలేక రాస్తున్నాను. మా అమ్మమ్మ వాళ్ళది యానాం. వాళ్ళ ఇంట్లో గులాబీలున్న పెద్ద పింగాణీ తొట్టె ఒకటి ఉండేది. మేము పిల్లలం అందులో మామిడిపళ్ళు నీళ్ళు పోసి వేసుకునేవాళ్ళం. తాతగారు ఫ్రెంచి వాళ్ళ కాలంలో ఒక దొర ఇంటి సామాను వేలంలో కొన్నారట. 1954లో ఫ్రెంచి పాలన పోయాక చాలా ఇళ్ళల్లోకి ఇలాంటి సామాను వచ్చిందని అమ్మమ్మ చెప్పేది. అంత వెడల్పు గిన్నె ఎందుకు చేశారో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. దాని పక్కన ఒక జగ్గు ఉండాల్సిందని ఈ రోజు తెలిసింది. ఆ తొట్టె ఇప్పుడు మా పెద్దమామయ్య ఇంట్లో ఉంది. అడుగున ముద్ర ఉందేమో ఫోన్ చేసి చూడమన్నాను.

పాత_పెట్టె | బుధవారం, ఉదయం 10:20

తప్పకుండా ఫోటో పెట్టించండి. దయచేసి మామయ్య గారిని దాన్ని ఇసుకతో తోమవద్దని చెప్పండి.

నాన్సీ_వసంత | తర్వాతి ఆదివారం, రాత్రి 8:55

ఐదు రోజులు నీళ్ళు మార్చాను. మొదటి రెండు రోజులు నీళ్ళు లేత టీలా అయ్యాయి, నిన్నటికి తేటగా ఉన్నాయి. మరక సగానికి సగం పల్చబడింది. ఇప్పుడు బీరువా పైన ఆరుతోంది. ఇక దాని జోలికి పోను.

ఈ రోజు పొద్దున మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. సంత లేదు కానీ ఆ పెద్దావిడ ఇల్లు చర్చి వెనకే అని ఆ రోజే చెప్పింది. తొట్టె గురించి అడిగాను. ముందు అర్థం కాలేదు, చేతులతో ముఖం కడుక్కున్నట్టు చూపిస్తే నవ్వింది. పెరట్లోకి తీసుకెళ్ళింది. తొట్టె అక్కడే ఉంది. అవే గులాబీలు, అదే విరిగిన ఆకు. రెండు ముక్కలైతే వాళ్ళ నాన్న వెనకవైపు ఇనప కుట్లు వేయించారట. నీళ్ళు నిలవవు కాబట్టి అందులో మట్టి పోసి జెరేనియం మొక్కలు పెట్టింది. జగ్గు వాళ్ళ అమ్మ పెళ్ళికి వచ్చింది, 1912లో.

నేను కొంటానని అడగలేదు. మొక్కలు బాగా పూశాయి. ఆవిడే అంది, చలికాలం రాగానే మొక్కలు లోపలికి మార్చేస్తాను, అప్పుడు వచ్చి తీసుకెళ్ళు అని. జగ్గు ఎక్కడ పెట్టావో ఫోటో తెచ్చి చూపించమంది.

కిటికీ_పక్కన | ఆదివారం, రాత్రి 9:10

వెళ్ళేటప్పుడు వట్టి చేతులతో వెళ్ళకమ్మా. సున్నుండలు చేసి పట్టుకెళ్ళు.

సారె_మట్టి | ఆదివారం, రాత్రి 9:22

ఆ ఇనప కుట్ల ఫోటో కావాలి వసంత గారూ, వెనకవైపుది, దగ్గరగా. పూత పగలకుండా అంత చిన్న చిల్లులు పెట్టడం చేతనైనవాళ్ళు ఇప్పుడు చాలా తక్కువ. మొక్కలు తీసేటప్పుడు మట్టి తడిపి, చేత్తోనే తీయమని ఆవిడకు చెప్పండి. తాపీ పెట్టవద్దు.